నాన్నని తప్ప అందర్నీ అడగండి

పక్షవాతం మీద జరిగే పరిశోధనలో మీ ఇంటి పెద్దాయన్ని చేర్చుకుంటామని ఆసుపత్రివాళ్లు అడిగారా? అయితే వాళ్లిచ్చిన కాగితాలు పక్కన పెట్టి ముందు ఇది చదవండి. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర బయల్దేరి గంటస్తంభం దాకా నడిస్తే చాలు, డాక్టరు చదువు చదవని వైద్య సలహాదారులు దారి పొడవునా తగులుతారు. వాళ్లందరి అనుభవసారాన్నీ ఒకచోట చేర్చి మీకు ఉచితంగా అందిస్తున్నాను. దీని అవసరం పెరుగుతోంది కూడా. నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల ఉంది, ఊళ్లో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, విశాఖలో కేజీహెచ్ ఎలాగూ ఉంది. కళాశాల ఉన్నచోట పరిశోధన ఉంటుంది. "చేరతారా?" అన్న ప్రశ్న రేపు మీ గడపకీ వస్తుంది.

అన్నిటికన్నా ముందు, ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లండి. మెదడులో నెత్తురుగడ్డని కరిగించే ఇంజెక్షను మొదటి మూడు గంటల్లో ఇస్తే పనిచేస్తుందని 1995లో అమెరికాలో 624 మంది మీద చేసిన పరీక్షలో తేలింది. 2008లో యూరప్‌లో ఇంకో పరీక్ష ఆ గడువుని నాలుగున్నర గంటలకి పెంచింది. ఆ గంటన్నర సంపాదించడానికి 821 మంది రోగులు పరీక్షలో చేరారు. మీరు దాన్ని వాకిట్లో కూర్చుని ఖర్చుపెట్టండి. 108కి ఫోన్ చేయడం నామోషీ. గజపతినగరం నుంచి పెద్దల్లుడు కారేసుకుని వస్తున్నాడు కదా, రానివ్వండి. ఈలోగా ఒకణ్ణి పావురం కోసం పంపండి, దాని నెత్తురు వెచ్చగా ఉండగానే పడిపోయిన చేతికి రాయాలట. పావురాలకి పక్షవాతం ఎందుకు రాదో ఎవరూ పరిశోధించలేదు గానీ, నమ్మకానికి లోటు లేదు.

ఆసుపత్రిలో "ఎప్పుడొచ్చింది?" అని అడుగుతారు. "ఇప్పుడే బావూ, అరగంటయ్యింది" అనండి. రాత్రి తొమ్మిదింటికి బాగానే పడుకుని, పొద్దున్న లేచేసరికి మూతి వంకరపోయి ఉంటే, డాక్టర్లు గడియారాన్ని రాత్రి తొమ్మిది నుంచి లెక్కపెడతారు. ఆఖరిసారి బాగున్నట్టు చూసిన క్షణమే వాళ్లకి లెక్క. అది విని మీరు దిగులు పడతారు. అందుకని టైము తగ్గించి చెప్పండి. గడువు దాటాక ఆ మందిస్తే మెదడులో నెత్తురు చిమ్మే ప్రమాదం పెరుగుతుంది, కానీ అది డాక్టరు తలనొప్పి కదా! ఇంకోటి, సీటీ స్కాన్ తీయకముందే ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ ఒకటి నోట్లో వేసెయ్యండి. గడ్డ కట్టిందో నరం చిట్లిందో స్కాన్ చేస్తేగాని తెలియదు. చిట్లిన వాళ్లకి ఆస్పిరిన్ ఎంత మంచిదో మీరే చూద్దురుగాని.

ఇక పరిశోధన మాట ఎత్తగానే ఏం చెయ్యాలి? ఊళ్లో రెండు బళ్లున్నాయి. ఒకటి "మనల్ని ఎలకల్ని చేస్తార్రా" బడి. రెండోది "పెద్ద డాట్రుగారు నోరు తెరిచి అడిగినాక కాదంటే ఏటి బాగుంటాది" బడి. రెండింట్లోనూ ఒకేసారి చేరిపోండి. బయట ఎలకల మాట, లోపల దండాలు.

మొదటి బడికి పాఠాలు ఉన్నాయి, కాదనను. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేలమంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. తల్లిదండ్రుల బదులు ఎన్నో ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్లో దాన్ని ఆపించారు, 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. 2011లో పిడుగురాళ్ల ఆడవాళ్లని డబ్బాశ చూపి మందుల పరీక్షకి హైదరాబాదు తీసుకెళ్లిన వ్యవహారం పేపర్లకెక్కింది. ఇవి గుర్తుపెట్టుకోండి. కానీ వీటి తర్వాత ఏం మారిందో మాత్రం తెలుసుకోకండి. 2019 మార్చిలో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ సంస్థకి బయటివాళ్లై ఉండాలి, వైద్యంతో సంబంధంలేని మామూలు మనిషి ఒకరుండాలి. ఇదంతా తెలిస్తే భయం పోతుంది. భయం పోతే మూడు లాంతర్ల దగ్గర మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

అదేవిధంగా సీటీఆర్ఐ జోలికి పోకండి. మనదేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ పట్టీ అది. 2007 జులైలో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి ట్రయల్‌ని అందులో నమోదు చేయడం తప్పనిసరి అయింది. నంబరు కొడితే ఎవరు చేస్తున్నారో, ఎవరు డబ్బు పెడుతున్నారో, ఎక్కడెక్కడ జరుగుతోందో అంతా కనబడుతుంది. మీ మనవడు సిరిమాను జాతర వీడియోలు చూసే ఫోనులోనే కనబడుతుంది. వాణ్ణి చూడమని అడగొద్దు. సిరిమాను ఏడాదికోసారే కదా.

"మావాళ్లకి ఇలాంటివి కొత్తండీ" అని కూడా అనండి, జాలి పుడుతుంది. నిజానికి కొత్తేం కాదు. 1960ల్లోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ దంతవైద్య బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పదివేల పైచిలుకు మంది నోళ్లు పరీక్షించింది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. అంటే అప్పట్లో మన పక్కూళ్లు కొన్ని ఆ జిల్లాలోవే. వాళ్లు చూడ్డానికి వచ్చింది అడ్డపొగ. చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, మాటాడుతూనే, వరినాట్లు వేస్తూనే కాల్చే మన ముసలమ్మల విద్య. తర్వాత 1970ల చివర్లో ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం మూడు జిల్లాల్లో కలిపి 36 వేలమంది పొగాకు వాడేవాళ్లని ఏళ్ల తరబడి వెంబడించి, మానమని నచ్చజెబితే నోటి జబ్బులు తగ్గుతాయా అని చూశారు. తగ్గాయి. 1986లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. లండన్లో అచ్చయిన ఆ లెక్కల్లో మీ మేనత్తో, నాయనమ్మో ఉండే ఉంటుంది. ఆవిడకి ఎవరైనా ఫలితం చెప్పారా అని మాత్రం నన్నడగకండి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా కోపం తెప్పించేది అదొక్కటే. నెత్తురిచ్చేవాళ్లకి, నోరు తెరిచి చూపించేవాళ్లకి "ఇదీ తేలింది" అని తిరిగొచ్చి చెప్పే అలవాటు ఇంకా ముదరలేదు. చెబుతారా అని మీరు ముందే అడగొచ్చు. కానీ అడక్కండి, బాగుండదు.

ఇప్పుడు అసలు ఘట్టం, సంతకం.

నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడనుకోండి. మెదడులో ఎడమ పక్క దెబ్బతింది. అందుకని కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. మాట పోయిందంటే తెలివి పోయిందని కాదు. మీరు చెప్పేది చాలావరకు అర్థమవుతోంది, తిరిగి చెప్పడానికే పదం దొరకడం లేదు. ఇలాంటివాళ్లతో చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడి, బొమ్మలు చూపించి, అవునా కాదా అని అడిగి, జవాబు కోసం కాస్త ఆగితే చాలామంది తమ ఇష్టం తెలియజేస్తారు. అంత ఓపిక మీకెందుకు? మంచాన్ని మధ్యలో పెట్టి అటు కోడలు, ఇటు కొడుకు, కాళ్ల దగ్గర పెద్దల్లుడు నిలబడి, బియ్యం బస్తా ఎటు దింపాలో మాట్లాడుకున్నట్టు ఆయన మీదనుంచి మాట్లాడుకోండి.

ట్రయల్ కోఆర్డినేటరమ్మాయి తెలుగులో ఉన్న సమాచార పత్రం తీసి చదవబోతుంది. ఇరవై పేజీలుంటుంది. రెండో పేజీలోనే ఆపించండి. "మీకు తెలవందేటున్నాది తల్లీ, ఎక్కడెట్టాలో సెప్పు" అనండి. ఆపించకపోతే ప్రమాదం, మూడో పేజీలో ఎన్నాళ్లు రావాలో, ఏయే పరీక్షలుంటాయో చదువుతుంది. ఆ తర్వాత పేజీల్లో చేరకపోయినా మామూలు వైద్యం ఆగదని, ఎప్పుడు మానుకోవాలన్నా మానుకోవచ్చని, రానుపోను ఖర్చుల సంగతి, పరిశోధకుడి ఫోను నంబరు, ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు వస్తాయి. అవన్నీ వింటే మీరు ప్రశ్నలు అడిగేస్తారు. రాత్రికి ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రేపు చెబుతామని కూడా అనేస్తారు. కొన్ని ట్రయల్స్‌లో దానికి వ్యవధి ఉంటుంది. గంటల్లో ఇవ్వాల్సిన మందైతే ఉండదు. ఏది ఏదో అడక్కుండా రెండింటికీ ఒకే తొందర పడండి.

ఈలోగా పెద్దాయన ఎడం చెయ్యి పైకి లేస్తుంది. చూపుడువేలు అటూ ఇటూ ఆడుతుంది. అది "వద్దు" అయ్యుండొచ్చు, "ఆగండి, ఇంకోసారి చెప్పండి" అయ్యుండొచ్చు. మీరు మాత్రం "దోమలు బావూ, ఫేనెయ్యండి" అని అర్థం చెప్పండి. ఆయన ముప్ఫై ఏళ్లు మిల్లు రిజిస్టర్లో సంతకం పెట్టి జీతం తీసుకున్న మనిషి. ఎడం చేత్తో వంకరగానైనా గీయగలడేమో చూద్దామని ఆ అమ్మాయి అంటుంది. వద్దనండి. ఇంకు ప్యాడు తెప్పించి, మెత్తగా పడున్న కుడిచేతి బొటనవేలు ఎత్తి, అద్ది, కాగితం మీద నొక్కించండి. తర్వాత ఆ వేలిని దుప్పటికే తుడిచెయ్యండి. చదవలేనివాళ్ల విషయంలో పరిశోధనతో సంబంధంలేని సాక్షి ఒకరు మొదట్నుంచీ పక్కనే ఉండి సంతకం చెయ్యాలని నిబంధన. కారిడార్లో టీ తాగుతున్న అల్లుడి స్నేహితుణ్ణి పిలిచి, మొదట్నుంచీ ఉన్నట్టు సంతకం పెట్టించండి. రోగి నిజంగా చెప్పలేని స్థితిలో ఉంటే చట్టం ఒప్పుకునే ప్రతినిధి ఆయన బదులు సంతకం చేయొచ్చు. ఆ ప్రతినిధి ఆయన ఇష్టం ఏమై ఉంటుందో ఆలోచించాలంటారు. నలభై ఏళ్లు కాపురం చేసిన ఆవిడ గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. ఆవిణ్ణి మాత్రం లోపలికి పిలవకండి, ఏడుస్తుంది. ఫారం కాపీ ఒకటి మీ చేతికివ్వాలి. ఇస్తారు. బీరువా మీద పడేసి మర్చిపోండి.

సంతకం అయ్యాక ఎవరికి కొత్త వైద్యం, ఎవరికి పాత వైద్యం అన్నది కంప్యూటరు చీటీ తీసినట్టు తేలుస్తుంది. ఇక్కడే మీ పరపతి చూపించాలి. ఎమ్మెల్యేగారి పీఏ చేత ఫోన్ చేయించి "మావోడికి కొత్తమందు గ్రూపులో ఎయ్యండి" అనిపించండి. కొత్తదెప్పుడూ మంచిదే అన్నది మన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టే కబుర్లు కొన్నున్నాయి, చెవిన వేసుకోకండి. పక్షవాతం రోగిని ఇరవైనాలుగ్గంటల్లోపే మంచం దింపి వీలైనన్నిసార్లు లేపి నిలబెడితే మంచిదని అందరికీ అనిపించింది. ఐదు దేశాల్లో 2104 మంది మీద పరీక్షించి 2015లో ఫలితం చెప్పారు. అలా లేపిన వాళ్లలో బాగా కోలుకున్నది 46 శాతం, మామూలుగా చూసుకున్నవాళ్లలో 50 శాతం. ఫ్లూఆక్సెటిన్ అనే దిగులు తగ్గించే మాత్ర చేతి కదలికని పెంచుతుందని 2011లో 118 మందితో చేసిన చిన్న పరీక్ష ఆశపెట్టింది. 2018లో బ్రిటన్‌లో 3127 మందితో మళ్లీ చూస్తే కోలుకోవడంలో తేడా లేదు, పైగా ఎముకలు విరగడం పెరిగింది. అంటే పాతమందు గ్రూపులో పడ్డవాళ్లు ఒక్కోసారి అదృష్టవంతులు. ముందే తెలిస్తే పరీక్ష ఎందుకు చేస్తారని ఎవరైనా అంటే, పీఏ నంబరు మార్చి ప్రయత్నించండి.

గ్రూపు దొరకలేదా? మూలకణాల వైద్యం అమ్మే క్లినిక్కు వెతుక్కోండి. మన దేశంలోనే ఐదు ఆసుపత్రుల్లో 120 మంది మీద, ఎముకమూలుగ నుంచి తీసిన కణాలు ఎక్కించి చూసి, ప్రయోజనం కనబడలేదని 2014లో ప్రకటించారు. పక్షవాతానికి ఈ వైద్యాన్ని ట్రయల్ బయట డబ్బుకి చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలూ చెబుతున్నాయి. కానీ ట్రయల్లో పరీక్షించే మందుకి మీ దగ్గర డబ్బు తీసుకోరు, క్లినిక్కులో లక్షలు తీసుకుంటారు. ఎక్కువ తీసుకునేవాడే మంచి డాక్టరని మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు కదా.

ఇంటికొచ్చాక కసరత్తుల సంగతి. 2014, 2016ల మధ్య అటెండ్ అనే పరిశోధన మనదేశంలో పద్నాలుగు ఆసుపత్రుల్లో జరిగింది. హైదరాబాదు నిమ్స్, గుంటూరులో ఒక ఆసుపత్రి కూడా అందులో ఉన్నాయి. ఫిజియోథెరపిస్టులు చాలని దేశంలో, ఇంట్లో వాళ్లకే నేర్పి రోగి చేత కసరత్తు చేయిస్తే ఎలా ఉంటుందని చూశారు. గ్లాసు పట్టుకోవడం, చొక్కా బొత్తాం పెట్టుకోవడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, ఇలాంటివే. 1250 మంది చేరారు. ఆరునెలలకి చూస్తే చనిపోయినవాళ్లూ ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లూ కలిపి నేర్పిన గ్రూపులో 47 శాతం, నేర్పని గ్రూపులో 47 శాతం. దీన్ని మీరు ఇలా చదవండి: కసరత్తు దండగ. రెండో గ్రూపువాళ్లకీ మామూలు వైద్యమంతా అందిందని, పోల్చింది దానితోనేనని, వైద్యం ఏమీ లేనివాళ్లతో కాదని ఎవరైనా చెబితే టీవీ సౌండు పెంచండి. నాకైతే ఆ ఫలితం ముచ్చటేసింది. ఇంత మంచి ఆలోచన పనిచేయలేదని దాచకుండా లాన్సెట్‌లో 2017లో వేశారు. లేకపోతే కోడళ్ల మీద ఇంకో డ్యూటీ పడేది.

ఎలాగూ ఆ పని కోడలి మీదే పడుతుంది కాబట్టి తేలిక మార్గం చెబుతాను. పెద్దాయన బొత్తాం దగ్గర తంటాలు పడుతుంటే చూడలేక మీరే పెట్టెయ్యండి. అన్నం కలిపి నోట్లో పెట్టండి. చుట్టాలొచ్చినప్పుడు "చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూస్తన్నాం" అనొచ్చు.

మాత్రలు. బీపీ 120కి రాగానే బీపీ మాత్ర మానిపించండి, తగ్గిపోయింది కదా. స్ప్రింట్ ఇండియా అని ఇంకో పెద్ద ట్రయల్, 31 కేంద్రాలు, 4298 మంది, పన్నెండు భాషల్లో ఎస్సెమ్మెస్‌లు, వీడియోలు, వర్కుబుక్కు. మందులు మానకండి, పొగ మానండి, ఉప్పు తగ్గించండి అని ఏడాదిపాటు గుర్తుచేశారు. మందులు సరిగ్గా వేసుకోవడం మెరుగుపడింది గానీ, మళ్లీ స్ట్రోక్ రావడం, గుండెపోటు, మరణాలు కలిపి లెక్కవేస్తే తగ్గలేదని 2023లో అచ్చయింది. ఎస్సెమ్మెస్ పనిచేయలేదంటే మాత్ర పనిచేయనట్టే అని తీర్పు చెప్పండి. ఊళ్లో ఇలాంటి తీర్పులు బాగా చెల్లుతాయి.

ట్రయల్ మందుతోపాటు పసరు, పొడి, పావురం లేహ్యం రహస్యంగా వాడండి. డాక్టరుకి చెబితే తిడతాడు. చెప్పకపోతే, ఒళ్లు తేడా చేసినప్పుడు ఏది తేడా చేసిందో ఆయనకీ తెలియదు, మీకూ తెలియదు, అందరూ సమానం. రోజూ రాయమని ఇచ్చిన డైరీని విశాఖ వెళ్లే రోజున ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సుకోసం కూర్చుని, ఒకే పెన్నుతో, నెలంతా ఒకేసారి టిక్కులు కొట్టెయ్యండి. ముప్ఫై రోజుల టిక్కులూ ఒకే వాలులో ఉంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మిగిలిన మాత్రలు లెక్కపెడతారు కాబట్టి కాలవలో పారెయ్యడం మర్చిపోకండి.

కొన్ని ట్రయల్స్‌లో కొలతలు తీసుకునేవాళ్లకి మీరు ఏ గ్రూపో తెలియకూడదు. తెలిస్తే మనసు అటు మొగ్గి మార్కులు మారతాయని ఆ ఏర్పాటు. మీరు మాత్రం ఆ కొలతలావిడ గుమ్మంలో అడుగుపెట్టగానే మజ్జిగిచ్చి, "మాకు కసరత్తు నేర్పినారమ్మా, మేం కొత్త గ్రూపే" అని చెప్పెయ్యండి. మర్యాద తెలిసినవాళ్లం కదా.

ఒంట్లో బాగోక వేరే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ట్రయల్ వాళ్లకి ఎట్టి పరిస్థితుల్లోనూ తెలియనివ్వకండి. తీవ్రమైన హాని తెలిసిన ఇరవైనాలుగ్గంటల్లో పరిశోధకుడు పై అధికారులకి, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించి నష్టపరిహారం ఇవ్వాలి. మరణిస్తే ఎంతివ్వాలో సూత్రం ఉంది: ఎనిమిది లక్షలతో మొదలుపెట్టి, వయసుని బట్టి, జబ్బు తీవ్రతని బట్టి గుణిస్తారు. మీకు అదేం అక్కర్లేదు. బిల్లు మీరే కట్టుకుని, తర్వాత మూడు లాంతర్ల దగ్గర "పరిశోధన పేరుతో ముంచేసినారు" అని చెప్పుకుంటే తృప్తిగా ఉంటుంది.

మూడో నెలలోనో ఆరో నెలలోనో ఫోను చేసి, ఒంటరిగా వదిలేసి వెళ్లగలుగుతున్నారా, స్నానానికి సాయం కావాలా, బజారు పనులు చేసుకోగలరా అని అడుగుతారు. సున్నా నుంచి ఆరు దాకా ఒక అంకె వేస్తారు. ఏ లోటూ లేకపోతే సున్నా, చనిపోతే ఆరు. ఆ ఫోను హైదరాబాదులో ఉన్న చిన్నబ్బాయికి కలిపించండి. సంక్రాంతికి వచ్చి రెండు రోజులున్నాడు కాబట్టి వాడికి అన్నీ తెలుసు. "డాడీనా? సూపర్ అండీ" అంటాడు.

విసుగొచ్చి మానేద్దామనుకుంటే, ఒక్క మాట చెబితే చాలు, కారణం కూడా చెప్పక్కర్లేదు, మామూలు వైద్యానికి అడ్డురాదు. అందుకే చెప్పకండి. సిమ్ము మార్చెయ్యండి. కొన్నాళ్లకి మీ పాత నంబరు సాలూరులో ఎవరో లారీ డ్రైవరుకి వెళుతుంది. ఆయనకి ఫోనొస్తుంది. "నమస్తే అండీ, ట్రయల్ నుంచి మాట్లాడుతున్నాం. మీ కుడిచెయ్యి భుజం దాకా లేస్తోందా?" ఆయన స్టీరింగు వదిలి ఎత్తి చూసుకుని, "సుబ్బరంగా లేస్తన్నాది బావూ, ఏటిసయం?" అంటాడు. మీ నాన్నగారికి ఒకటో నంబరు పడిపోతుంది.